వార్డెన్ మేడం పెట్టిన చాయ

హలో… హలో… ఆ, ఆ, నేనే. భారతమ్మనే మాట్లాడుతున్న. ఎవరు?

…వార్డెన్ మేడమా! నమస్తే మేడం. చెప్పుండ్రి.

…కాలా? కాలు గట్లనే ఉన్నది. పిండికట్టు ఇప్పనీకి ఇంక పది రోజులన్నడు డాక్టరు. …ఆ, మందుల దుకాణంలనే కూసున్న. మా ఇల్లు దీని ఎన్కనే గద. వెంకటనర్సయ్య పిలిస్తె కుంటుకుంట వచ్చిన. స్టూలు ఏసిండు.

…మేడం, మీరు నా కాలు గురించి ఫోన్ చెయ్యలే. నెల రోజులాయె, ఒక్కపారి చెయ్యలే. ఏమైందో చెప్పుండ్రి.

…చాయనా?

…నాలుగు గంటలకు. ముగ్గురొస్తున్నరు. ఏం కమిటీ?

…హాస్టల్ మెస్సు చూడనీకి. మంచిది. దానికి నన్నెందుకు అడుగుడు? శివమ్మ ఉన్నది, భూదేవి ఉన్నది. ఐదుగురు ఆడోళ్ళున్నరు వంటింట్ల.

…లేరా? ఏడికి పోయిండ్రు?

…వరండాల కూసున్నరు. …పొద్దటిసంది? పొయ్యిలు ఆర్పి?

…మేడం, నేను ఆ వంటింట్ల యాభైనాలుగుల జేరిన. పద్నాలుగేండ్లాయె. నా ఎనక ఏడాదికి శివమ్మ జేరింది. దాని పెనిమిటి పోయిన నాడు గూడ పిల్లలకు ఉప్మా చేసి, గంజు తోమి పెట్టి అప్పుడు పోయింది. అసుంటిది పొయ్యి ఆర్పి కూసున్నదంటె ఉత్తగ కూసోదు. ఏమైంది?

…‘ఏం లేదు’ అంటె ఎట్ల?

…సరె. చెప్పకుంటె చెప్పకుండ్రి.

…నేను చెప్తె లేస్తరు, నాకెరుకే. కని ఎందుకు కూసున్నరో తెల్వకుంట లెవ్వుండ్రని ఎట్ల చెప్పాలె? ఫోను శివమ్మకియ్యుండ్రి. నేనే అడుగుత.

…ఫోను కాడికి రానన్నదా. అయితె సంగతి పెద్దదే.

…ఏడ్వకుండ్రి మేడం. …ఏడుస్తలేరా? మరి ముక్కు… జలుబు. మే నెలల. సరె.

ఇప్పుడు టైమెంత? …పావు తక్కువ మూడు. శానా టైమున్నది. చాయ నేను చెప్త. మీరు చేయుండ్రి.

…మీరే. ఇంకెవరు? ఫిజిక్స్ చెప్తరు గద పిల్లలకు. నీళ్ళు మరుగుడు గూడ ఫిజిక్సే అనుకుంట.

…ఎన్నడు చెయ్యలేదా? …ఇంట్ల అమ్మ, గీడ మెస్సు. మంచి అదృష్టం. ఇయ్యాళ చేస్తరు.

…లేదు, వంటింట్లకు పోకుండ్రి. ఫోను మీ రూముల, వంటిల్లు ఆ చివర. ఎన్నిపార్లు ఉరుకుతరు? మీ క్వార్టరుల పంపు స్టవ్వు ఉన్నది గద. వాచ్‌మెన్ దానయ్యను తెమ్మనుండ్రి. …ఆయన గూడ కూసున్నడా? …లేదు గద. మంచిది. మీ టేబులు మీదనే పెట్టుండ్రి. ఫైళ్ళు జరుపుండ్రి.

…ఏంది? చల్ల చాయనా?

…ప్రొఫెసర్ లక్ష్మీనర్సయ్య గారు. విలాయతుల చదివొచ్చినాయన. ఎండకాలంల వేడిది ముట్టడు. …గిలాసల ఐసు, నిమ్మకాయ. ఆ ఆ, తెల్సు.

…ఎట్ల తెల్సంటె, మా అమ్మ సాలమ్మ మెట్టుగూడల రైల్వే బంగ్లాల వంట చేస్తుండె. ఎండలు ముదిరినయంటె దొరసానికి చల్లచాయనే. అమ్మ పక్కన నిలబడి నిమ్మకాయలు పిండింది నేనే.

అయితె ఇద్దరికి పాల చాయ, ఒకాయనకు చల్లది. మొదలు చల్లదే చెయ్యాలె. అది ఆరాలె గద.

ఐసు ఏడిది? …కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లనా? వద్దు మేడం. ఆ పెట్టెల ఏమేం సీసలు పెడ్తరో. ఆయన తాగి పడిపోతె కమిటీ గీడనే ఒడుస్తది. దానయ్యను అడిక్‌మెట్ సోడా దుకాణానికి తోలుండ్రి. సైకిలు మీద. ఒక పెద్ద గడ్డ. రంపపు పొట్టు జల్లి గోనెసంచిల కట్టిస్తరు. నాలుగు నిమ్మకాయలు గూడ, తోలు పలచగున్నయి. …రాసియ్యకుండ్రి, ఆయనకు సదువు రాదు. నోటితోని చెప్పుండ్రి.

స్టవ్వు వచ్చిందా? అంటియ్యుండ్రి.

…వాసనొస్తున్నదంటె పంపు సరిగ కొట్టలేదన్నట్టు. పిన్నుతోని పొడుసుండ్రి. …మంట ఎర్రగ కాదు, నీలంగ రావాలె. …ఇంక కొట్టుండ్రి. …ఆ. చప్పుడు ఇనొస్తున్నది. గట్ల.

…ఎంటికలు కాలినయా? ఎన్ని? …అయితె ఏం గాదు.

మంచినీళ్ళు పెట్టుండ్రి. పొద్దున పట్టినయి కాదు, ఇప్పుడు పట్టుండ్రి. …గిలాసతోని కొలిచి ఎనిమిది. శానా అయితె మంచిదే, తక్కువైతె మళ్ళ చెయ్యలేం.

చాయల ఏసే పత్త ఏడ ఉన్నది? మెస్సు డబ్బల. ఆ డబ్బ తెచ్చిండ్రా? మూత తీసి చూడుండ్రి, ఎట్లున్నది?

…పొడి. మన్ను లెక్క.

…మేడం, నేనుండంగ డబ్బల అది లేకుండె. ఆకు ఉండె. నల్లగ, మెలికలు తిరిగి. ఎప్పుడు మారింది?

…నేను పడ్డంక. ఎవరు మార్చమన్నరు?

…ఊఁ.

…మీరే, పొదుపని. …పాలు గూడ తగ్గిచ్చిండ్రా. …పొదుపంటె మంచి మాటనే మేడం. నేనేం అంటలేను.

ఆ డబ్బ మూసుండ్రి. వంటింట్ల పై అరల, బెల్లం కుండ ఎన్క, బిస్కిట్ల డబ్బ ఒకటున్నది. దాంట్ల ఆకున్నది. నాది. జ్వరమొచ్చిన పిల్లలకు అదే పోస్తుంటి. పోయి తెచ్చుకోండ్రి. నేనుంట ఫోన్ల.

…వెంకటనర్సయ్య, జరసేపు. …తెల్సు నీ దుకాణమని. ముసలాయనకు దగ్గుమందు గావాల్నా? నీ నెత్తి మీది అరల ఉన్నది చూడు. …ఆ, ఎర్ర సీస.

…వచ్చిండ్రా? వాసన చూడుండ్రి. …గదే మరి. వరండాలకెళ్ళే పోయిండ్రు గద, ఏమన్నరా వాళ్ళు? …మొఖం తిప్పుకున్నరు. శివమ్మ గూడనా?

…ఏంది? ఏమైంది మేడం? అరుస్తున్నరేంది?

…కాయితం అంటుకున్నదా! కొంగుతోని కొట్టకుండ్రి, కొంగు అంటుకుంటది! నీళ్ళు… ఆ, మరిగే నీళ్ళు కాదు, తాగే నీళ్ళు పోయుండ్రి.

…ఆరిందా. చెయ్యి కాలలే గద. మంచిది. జరుపుండ్రంటిని మరి ఫైళ్ళు.

…మూల కాలితె కాలింది. గంత పరేషానైతున్నరు, ఏం కాయితమది?

…కమిటీకిచ్చేది. మీరు రాసిందేనా? సదువుండ్రి.

…నాకెందుకంటె, ఐదుగురు ఆడోళ్ళు వరండాల కూసున్నరు. ఆ కాయితం మూల కాలితె మీరు గింత అరుస్తున్నరు. ఈ రెండిటి నడుమ ఏదో ఉన్నది. సదువకుంటె ఫోను పెట్టేస్త. నీళ్ళు మీ ముంగట మరుగుతుంటయి.

…ఇంగ్లీషులనా. తెలుగుల చెప్పుండ్రి మరి.

…‘మెస్సు నడుపుడు కాంట్రాక్టరుకు అప్పజెప్పుడు మంచిది.’ ఆ.

…‘ఇప్పుడున్న పనోళ్ళను ఈ నెలాఖరుకు’… ఆ.

…‘పిల్లలు శానా ఫిర్యాదులు చేస్తున్నరు.’ ఏం ఫిర్యాదు? …‘ముఖ్యంగ చాయ.’ ‘అన్‌ఫిట్’ అంటె ఏంది మేడం?

…తాగనీకి పనికిరాదని.

…పనోళ్ళు అంటె ఐదుగురా, ఆరుగురా?

…నాతోని కలిపి.

…

…వెంకటనర్సయ్య, జర మంచినీళ్ళియ్యి.

…లేదు మేడం, ఉన్న. నీళ్ళు తాగుతున్న.

…నీళ్ళు బుడగలొస్తున్నయా? పెద్దయా, చిన్నయా? …పెద్దయి. అయితె దించుండ్రి.

…ఎందుకు చెప్తున్ననంటె? మీరు అడిగిండ్రు, నేను చెప్త అన్న. ఊకె మరిగి మరిగి ఉన్న నీళ్ళతోని చాయ మంచిగ రాదు. దించుండ్రి మొదలు. కోపం తర్వాత.

…ఆకు ఇప్పుడు ఏయుండ్రి. వేడి చాయకు గిలాసకు ఒక చెంచ, చల్లదానికి రెండు. ఐసు కరిగి పలచనైతది, అందుకు ముందుగాలనే గట్టిగుండాలె. గట్టిగ అంటె మరగపెట్టుడు కాదు. మరిగిస్తె చేదొస్తది. ఆకు ఎక్కువ, టైము తక్కువ.

మూత పెట్టుండ్రి. …మూత తేలేదా. ఏదన్న వెడల్పుది పెట్టుండ్రి. …హాజరు పట్టీనా? అట్టది అయితె సరె. పెట్టుండ్రి. గడియారం చూసుకోండ్రి, నాలుగు నిమిషాలు. కలుపకుండ్రి. తొంగి చూడకుండ్రి.

నాలుగు నిమిషాలున్నయి గద, ఒక మాట అడుగుత. వాళ్ళకు మీరు చెప్పిండ్రా, నోటీసు పెట్టిండ్రా?

…నోటీసు బోర్డుకు అంటిచ్చిండ్రు. ఇంగ్లీషుల. ఆ ఐదుగురిల ఇంగ్లీషు ఎవరికొస్తది? …ఒక పిల్ల సదివి చెప్పింది. ఇడ్లీ పెట్టించుకోనొచ్చి చెప్పింది. అందుకే పొద్దటిసంది.

…మీరు చెడ్డోళ్ళని అంటలేను. నేను తడి బండ మీద జారి పడ్డనాడు నన్ను దవఖానకు తీస్కపోయింది ఎవరు? రిక్షాల నా కాలు మీ ఒళ్ళె పెట్టుకొని, ‘మెల్లగ పో, మెల్లగ పో’ అని వాన్ని తిడుతుంటిరి. నేనింక మర్శిపోలే. గందుకే నాకు సమజైతలేదు.

…ఊఁ. …పిల్లలు గలాట చేసిండ్రు. ప్లేట్లు కొట్టిండ్రు. …కాంట్రాక్టరు వచ్చి, ఇవన్నీ మీకెందుకమ్మా, నేను చూస్కుంట అన్నడు. …మీకు భయమైంది. భారతమ్మ లేదు, వంట గురించి ఏం తెల్వదు, ఎవరినడగాల్నో తోచలే.

…ఈ మాట కాయితంల లేదు గద మేడం.

…ఎన్ని నిమిషాలైంది? …అయితె హాజరు పట్టీ తియ్యుండ్రి. వడగట్టుండ్రి. పిండకుండ్రి బట్టను, చేదంత దిగుతది. రంగెట్లున్నది? …బాగున్నది గద. చక్కెర ఇప్పుడే ఏయాలె, వేడి మీద. చల్లారినంక ఏస్తె అడుగున పడి కూసుంటది. ఎనిమిది చెంచలు, చూసి.

ఇగ దాన్ని ఆరనియ్యుండ్రి. బకెట్ల నీళ్ళు పోసి దాంట్ల గిన్నె పెట్టుండ్రి. తొందరపడి ఐసు ఏయొద్దు. దాని అంతట అది ఆరాలె.

…దానయ్య వచ్చిండా? తడిసిండా? ఐసు కరిగి ఈపంత. పాపం. ఐసు కడిగి, బట్టల సుట్టి, రోలు బండతోని కొట్టుమనుండ్రి.

…ఏంది? కారు చప్పుడా?

…ఇప్పుడేనా? నాలుగన్నరు గద. …మూడున్నరకే వచ్చిండ్రు. పెద్దోళ్ళు గంతే. మీరు పోయి కూసోబెట్టి రాండ్రి. ఫోను పెట్టకుండ్రి, పక్కన పెట్టుండ్రి. మళ్ళ కలుస్తదో కలువదో.

…

…లేదు వెంకటనర్సయ్య, కాలేదింక. …ఏం జరుగుతున్నదంటె, మా ఆరుగురిని తీసేస్తందుకు కమిటీ వచ్చింది. వాళ్ళకు చాయ ఎట్ల పెట్టాల్నో నేను చెప్తున్న. …పిచ్చి పట్టిందా అంటె, నాకు తెల్వదు. కాలుకే కట్టేసిండు డాక్టరు, తల చూడలే.

…హలో, ఆ మేడం.

…ఐసు ఏసిండ్రా? వేడి మీదనే? వద్దంటిని గద.

…మబ్బు పట్టిందా. బురదనీళ్ళ లెక్క అయిందా. పారబోయకుండ్రి! ఆగుండ్రి. స్టవ్వు మీద నీళ్ళున్నయా? మరిగేటియి ఒక గరిటెడు పోయుండ్రి దాంట్ల. …వేడియే. నా మాటినుండ్రి. పోసి మెల్లగ కలుపుండ్రి.

…తేట అయితున్నదా? …అయితది. నాకు గూడ ఎందుకో తెల్వదు. మీరే చెప్పాలె, ఫిజిక్స్ మీది.

ఇగ గిలాస. మందంది తీస్కోండ్రి. చెంచ లోపల పెట్టి పోయుండ్రి, పగులదు. ఐసు నిండ ఏయుండ్రి. నిమ్మకాయ ఆఖరికి, సగం చెక్క. గింజ పడొద్దు.

ఇగ పాల చాయ. పాలు వేరె గిన్నెల పొంగొచ్చేదాంక కాగపెట్టుండ్రి. కొత్త నీళ్ళు మరిగిచ్చి, దించి, ఆకు ఏసి మూత పెట్టుండ్రి, ఇందాకటి లెక్కనే. ఇలాచీ ఉంటె ఒకటి చితకొట్టి ఏయుండ్రి. లేకుంటె లేదు. చాయల పాలు పోయుండ్రి, పాలల్ల చాయ కాదు. రంగు కనవడుతది. …ఆ. వాళ్ళను మాట్లాడుకోనియ్యుండ్రి పక్క రూముల. తొందరేం లేదు.

…అయిందా? మీరు తాగి చూసిండ్రా? చూడుండ్రి.

…ఏమంటరు?

…గంతేనా? ‘చాయ లెక్కనే ఉన్నది.’ మొదటిపారికి అది శానా పెద్ద మాట. తీస్కపోండ్రి. తల వంచకుండ్రి.

…

…హలో? హలో, ఎవరు?

…నమస్తే సార్. ప్రొఫెసర్ గారా. ఆ, నేను భారతమ్మను, మెస్సుల పెద్ద వంటమనిషిని. …లేదు సార్, నేను చెయ్యలే. నేను తార్నాకల ఉన్న, కాలిరిగి. ఫోన్ల చెప్పిన. చేసింది మేడమే.

…మంచిగున్నదా? విలాయతుల లెక్కనే ఉన్నదా. సంతోషం సార్.

…ఒక్క మాట సార్. మీరు తాగింది మెస్సు చాయ కాదు. ఆ ఆకు నాది, నా డబ్బలకెల్లి తీసింది. మెస్సు చాయ ఇంత మంచిగుంటదనుకోని పోకుండ్రి. మెస్సుది ఇప్పుడు తాగనీకి పనికిరాదు. మేడం కాయితంల రాసింది నిజమే.

…నిజమే సార్. అబద్ధమెందుకు చెప్పాలె? పిల్లలు ప్లేట్లు కొట్టిండ్రంటె ఉత్తగ కొట్టరు.

…కాంట్రాక్టరు సంగతి నాకేం తెల్సు సార్. మీరు పెద్దోళ్ళు. అడిగిండ్రు గన్క చెప్తున్న. ఆ పొడి ఆయన చేతికిచ్చినా అదే చాయ అయితది. మంచి ఆకు మా శివమ్మ చేతికిస్తె మీరు తాగిందే అయితది. తప్పు చేతులల్ల లేదు, డబ్బల ఉన్నది. మా మేడం పుట్టినసంది చాయ పెట్టలే. ఇయ్యాళ ఎంటికలు కాల్చుకొని పెట్టింది. ఆకు మంచిది గన్క వచ్చింది.

…లేదు సార్, బతిమిలాడుతలేను. తీసెయ్యాలంటె తీసెయ్యుండ్రి. కని మా చేతులు మంచిగ లేవని రాసి తీసెయ్యకుండ్రి. …గంతే సార్.

…ఇంకో గిలాసనా? ఉన్నది సార్, గిన్నెల. మేడంనడుగుండ్రి.

…

…వెంకటనర్సయ్య, నువ్వెందుకు కండ్లు తుడుసుకుంటున్నవు? దుకాణం చూస్కో.

…

…ఆ మేడం. చెప్పుండ్రి.

…పోయిండ్రా? …ఏమన్నరు?

…ఆ కాయితం వాపసు తీస్కున్నరా! మీరేనా, వాళ్ళు తియ్యిమన్నరా? …మీరే అడిగి తీస్కున్నరు. వాళ్ళ ముంగట.

…ఊఁ. …మంచిది.

…నెల ఆగి మళ్ళొచ్చి చూస్తమన్నరా. అప్పటికి ఆకు మార్చాలె, పాలు బరాబర్ చెయ్యాలె. …మీరు రాసిస్తరా? రాయుండ్రి. నెల చాలు. పది రోజులల్ల నేనొస్త.

…నాకు చెప్పుడు కాదు మేడం. నన్ను మాఫీ అడిగేదేం లేదు. వరండాలకు పోండ్రి.

…భయమెందుకు? కమిటీ ముంగట నిలబడ్డరు, శివమ్మ ముంగట నిలబడలేరా? …అవును, శివమ్మ ముంగటనే కష్టం. నాకెరుకే.

ఉత్త చేతులతోని పోకుండ్రి. గిన్నెల చల్లది ఎంత మిగిలింది? …ఐదు గిలాసలొస్తది. పొద్దటిసంది ఎండల కూసున్నరు. ఐసు ఏసి తీస్కపోండ్రి. దానయ్యతోని పంపకుండ్రి, పళ్ళెం మీరే పట్టుకోండ్రి. ఒక్కొక్కరి చేతికియ్యుండ్రి. ఇచ్చి, చెప్పుండ్రి. తెలుగుల. నిలబడి కాదు, పక్కన కూసోని.

…ఫోను పక్కన పెట్టుండ్రి. నేనుంట.

…

…

…హలో. …శివమ్మా!

…ఆ, నేనే. కాలు మంచిగనే ఉన్నది. నువ్వు తాగినవా?

…చక్కెర ఎక్కువైందా. మరి ఆమెకు చెప్పినవా? …చెప్పకపోతె ఎట్ల నేర్చుకుంటది? చెప్పు.

…ఏమన్నది నీతోని? …ఆ. …ఆ. …గట్లనే అన్నదా. కింద కూసున్నదా, బండ మీద? …మీతోని సమానంగ.

…కోపం పోలేదా? పోకుంటె పోకపాయె. ఉండనియ్యి. నాకు గూడ పోలే. పొయ్యి మాత్రం అంటియ్యి. పిల్లలు ఆకలితోని ఉన్నరు, వాళ్ళేం జేసిండ్రు?

…ఏంది? వంటింట్లకు వస్త అంటున్నదా? ఆమెనా?

…వద్దనకు శివమ్మ. పక్కన నిలబెట్టుకో. ఏం ఏస్తున్నవో, ఎంత ఏస్తున్నవో చూడనియ్యి. ఉల్లిగడ్డలు కోస్తనంటె కొయ్యనియ్యి. …అయితది, ఏలు తెగుతది. అందరికి తెగింది. నీకు తెగలేదా?

…సరె, భూదేవిని అడిగిన అని చెప్పు. …ఆ.

…శివమ్మ, ఒక్క మాట. ఆ నోటీసు బోర్డు మీద ఇంక ఉన్నదా? …ఆమెనే చింపిందా. మీరు చూస్తుండంగ.

…మంచిది. ఇగ ఉంట. వెంకటనర్సయ్య ఫోను కోసం చెయ్యి చాపి నిలబడ్డడు. …లేదు, ఏడుస్తలేను. పో, పిల్లలకు వండు.